ఖరీదయిన సైకిలు, మన ఆదివారపు సవారీ
(సంఘము ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము ముగిసిన వెంటనే, కవులు లేచి నిలబడడానికి ముందు, సైకిళ్ళను గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా కార్యవర్గమువారు మమ్మల్ని కోరినారు. ఏ రాశికి ఎంత ఆదాయమో ఎంత వ్యయమో ఇప్పుడే విని ఉన్నారు గనుక, వ్యయమును గురించిన ప్రసంగము మరీ అసందర్భము కాదని మా ధైర్యము.

షోలాపూరు తెలుగువారికి సైకిలు కొత్త వస్తువు కాదు. మన పెద్దలు తెలంగాణము నుండి మగ్గము పని వెతుక్కుంటూ వచ్చి ఈ ఊరి తూర్పు పేటలలో నిలదొక్కుకున్న రోజులలో, సైకిలు ఉన్నవాడంటే ఇంత స్థితి కలవాడని లెక్క. గిర్నీ భోంగా కూసేసరికి గేటు ముందు ఉండడానికి సైకిలు, నూలు కట్ట తేవడానికి సైకిలు, నేసిన చాదర్లు వేయడానికి సైకిలు, పండుగకు భార్యను వెనుక, బిడ్డను ముందు కూర్చోబెట్టుకుని గుడికి పోవడానికీ అదే సైకిలు. ఆ నల్ల బండి ఇరవై కిలోలకు అటూ ఇటూగా ఉండేది. దాని బరువును గురించి మన తాతలు మాట్లాడినట్టు మేము వినలేదు. బరువు మాట వస్తే అది నూలు బరువే.

ఇప్పుడు సైకిలు బతుకుతెరువు నుండి సరదాలోకి వచ్చినది. సంతోషమే. కూర్చుని చేసే ఉద్యోగాలు పెరిగినవి, చక్కెర వ్యాధి పెరిగినది, డాక్టర్లు కాళ్ళు ఆడించమంటున్నారు. ఆదివారము చీకటి ఉండగానే లేచి మన పిల్లలూ పెద్దలూ జట్టుగా బయలుదేరి అక్కలకోటకో, తుళజాపూరుకో, ఓపిక ఉంటే పండరిపురమునకో పోయివస్తున్నారు. మేము ఆ జట్టువారమే. మాలో పందెగాళ్ళు ఎవరూ లేరు. ఉపాధ్యాయులు, బ్యాంకు గుమాస్తాలు, మగ్గాల యజమానులు, మగ్గాల మీద పనిచేసేవారి బిడ్డలు, ఇద్దరు ముగ్గురు గృహిణులు ఉన్నారు. మమ్మల్ని ఇంటింటా అడిగే ప్రశ్న ఒకటే. పాతికవేలకు సైకిలు వస్తుంది, యాభై అరవైవేలకు వస్తుంది, మూడు నాలుగు లక్షలకూ వస్తుంది. అంతకు మించి ధర పలికేవి కూడా ఉన్నవి. చక్రాల జత ఒక్కటే లక్ష దాటినవి ఉన్నవి. మనవంటివారు అంత డబ్బు పెట్టడములో అర్థము ఉన్నదా?

మా జట్టులోని ఒక యువకుడు కంతుల మీద ఖరీదయిన బండి కొని తెచ్చి వాకిట్లో నిలబెట్టినప్పుడు, వాళ్ళ అవ్వ దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "బిడ్డా, గిన్ని పైసలకు మగ్గం వస్తుండె గద" అన్నదట. ఆ మాటకు నవ్వి ఊరుకోవచ్చు. మేము లెక్క వేసి చూసినాము.

చదునైన బాటలో సైకిలు తొక్కేవాడికి ఎదురు నిలిచేవి ముఖ్యముగా రెండు: ఒకటి గాలి, రెండవది టైరు నేల మీద దొర్లేటప్పటి రాపిడి. తక్కిన రాపిడులు చిన్నవి. మనిషీ బండీ కలిసి ఎనభై అయిదు కిలోలు అనుకుందాము. గంటకు 20 కిలోమీటర్ల వేగానికి రమారమి 60 వాట్ల శక్తి చాలు. వాటు అంటే బల్బు మీద రాసి ఉండేదే. వేగము 30 అయితే 150 వాట్లు కావాలి. 40 అయితే 320 దాకా పోతుంది. వేగము రెట్టింపు అయితే శక్తి అయిదు రెట్లకు మించినదన్నమాట. గాలి చేసే పని ఇది. ఇరవై దగ్గర గాలి వాటా సగము, ముప్పయి దగ్గర ముప్పాతిక వంతుకు దగ్గర, నలభై దగ్గర అయిదింట నాలుగు వంతులకు పైన. ఇందులో గమనించవలసినది మరొకటి ఉన్నది. ఆ గాలిని ఢీకొనేది ఎక్కువ భాగము సైకిలు కాదు, సైకిలు మీద కూర్చున్న మనిషి. మన భుజాలు, మన ఛాతీ, కొందరి విషయములో మన బొజ్జ.

అందుచేత ఖరీదయిన చక్రాలవల్ల మన వేగములో మిగిలేది, మా లెక్క ప్రకారము, ముప్పయి కిలోమీటర్ల దగ్గర అయిదారు వాట్లు. మోచేతులు వంచి, హేండిలు కింది వంపు పట్టుకుని, నడుము కాస్త ముందుకు వంచితే మిగిలేది ఇరవై వాట్లు. రెండవదానికి ఖర్చు లేదు, నడుము ఒప్పుకోవాలి, అంతే. గాలికి జెండాలాగ రెపరెపలాడే చొక్కా మాని ఒంటిని అంటిపెట్టుకునే చొక్కా తొడిగినా కొంత మిగులుతుంది.

అట్లాగని సామానులో ఏమీ లేదని మేము చెప్పబోము. అది అబద్ధమవుతుంది. 1989లో టూర్ ద ఫ్రాన్స్ ఆఖరి రోజున అమెరికా దేశపు గ్రెగ్ లెమాండ్, ఫ్రాన్సు దేశపు లోరాన్ ఫిన్యోన్ కంటె యాభై సెకన్లు వెనుకబడి ఉన్నాడు. మిగిలినది వెర్సాయి నుండి పారిసుకు ఇరవై నాలుగున్నర కిలోమీటర్లు, ఒక్కొక్కరు ఒంటరిగా తొక్కే పందెము. లెమాండ్ చేతులు ముందుకు చాచి దగ్గరగా పెట్టుకునే కొత్తరకము హేండిలు బిగించుకుని, కోసు టోపీ పెట్టుకుని వచ్చినాడు. ఫిన్యోన్ మామూలు హేండిలుతో, టోపీ లేకుండా, వెనుక పిలక ఎగురుతూ ఉండగా తొక్కినాడు. మూడు వారాల పందెము ఎనిమిది సెకన్ల తేడాతో తేలిపోయినది. లెమాండ్ గెలిచినాడు.

ఇంకొక కథ దీనికంటె బోధకమైనది. ఒక గంటలో ఎంత దూరము పోగలరన్న పరీక్షలో బెల్జియము దేశపు ఎడ్డీ మెర్క్స్ 1972లో మెక్సికో నగరములో 49.431 కిలోమీటర్లు తొక్కినాడు. ఇంగ్లండుకు చెందిన క్రిస్ బోర్డ్‌మన్ 1996లో చేతులు బారజాపి పడుకున్నట్టుగా తొక్కే ఒక విశేష భంగిమలో 56.375 కిలోమీటర్లు పోయినాడు. ఇది మనిషి గొప్పా, బండి గొప్పా అన్న తగవు వచ్చినది. ప్రపంచ సైకిలు సమాఖ్యవారు మెర్క్స్ కాలము నాటి వంటి బండి మీదనే కొలవాలని నియమము పెట్టినారు. అదే బోర్డ్‌మన్ 2000 సంవత్సరములో అటువంటి బండి మీద తొక్కి చూపినది 49.441 కిలోమీటర్లు. మెర్క్స్ కంటె పది మీటర్లు ఎక్కువ! మన సభాభవనము ఈ గోడ నుండి ఆ గోడకు ఉన్నంత. నాలుగేళ్ళ వయస్సు తేడా తీసివేసినా, ఆ ఏడు కిలోమీటర్లలో చాలా భాగము భంగిమదీ బండిదీ అనక తప్పదు.

కాని ఆ మనుషులు గంటకు యాభై కిలోమీటర్ల వేగముతో పోయేవారు. వారికి గాలి గోడ. మనము ఇరవై రెండు, ఇరవై అయిదు దగ్గర పోతూ, మధ్యలో టీ తాగడానికి ఆగేవాళ్ళము. వారికి ఎనిమిది సెకన్లు పసుపు చొక్కా. మనకు ఎనిమిది సెకన్లంటే టీ కొట్టు ముందు సైకిలు గోడకు ఆనించే వ్యవధి.

ఇక బరువు మాట. దుకాణములో ఒక చేత్తో బండిని ఎత్తి చూపిస్తారు. ఎత్తిన వెంటనే కొనేవాడి కళ్ళు మెరుస్తవి. పందెపు బండి 6.8 కిలోలకు తగ్గరాదని 2000 నుండి సమాఖ్య నియమము ఉన్నది; దానికి దగ్గరగా దిగిన కొద్దీ గ్రాముకు ఇంత అని ధర పెరుగుతుంది. తుళజాపూరు బాలాఘాటు కొండల అంచున ఉన్నది గదా, ఊరు చేరేముందు ఘాటు ఎక్కాలి. ఎక్కుడులో బరువు తెలుస్తుందన్నది నిజమే. ఎంత తెలుస్తుంది? 85 కిలోల మొత్తము బరువును 150 వాట్ల శక్తితో వంద మీటర్ల ఎత్తుకు చేర్చడానికి తొమ్మిది నిమిషాల పైచిల్లర పడుతుంది. బండిలో ఒక కిలో తగ్గిస్తే అందులో ఆరేడు సెకన్లు తగ్గుతవి. ఆ ఒక కిలో తగ్గించడానికి లక్ష రూపాయలు అడిగే బండ్లు ఉన్నవి. రెండు సీసాల నిండా నీళ్ళు నింపితే దాదాపు కిలోన్నర. చైత్ర వైశాఖాలలో నలభై డిగ్రీలు దాటే ఈ ఊళ్ళో ఆ నీళ్ళు ఒలకబోసుకునేవాడెవడూ లేడు. మనలో చాలామంది తమ ఒంటి మీద నుండి మూడు నాలుగు కిలోలు తగ్గించుకోవడానికి తగిన వసతి కలవారు. మమ్మల్ని మేము మినహాయించుకోవడము లేదు.

మరి దేనికి ఖర్చు పెట్టవలెను? మా అనుభవము ఇది: ఒళ్ళు బండికి తగిలే చోట, బండి నేలకు తగిలే చోట మొదట పెట్టండి.

సీటు సంగతి పెద్దల సభలో చెప్పడానికి కొంచెము మొగమాటముగా ఉన్నా, చెప్పకపోతే ప్రసంగము దండుగ. సైకిలు మానేసినవారిలో ఎక్కువమంది కాళ్ళ నొప్పికి మానలేదు, కూర్చునే చోటి నొప్పికి మానినారు. మెత్తగా పరుపులాగ ఉండే సీటు మంచిదని అనుకుంటారు. పది కిలోమీటర్లకు అది హాయి, యాభై కిలోమీటర్లకు అదే హింస. పిరుదుల లోపల రెండు ఎముకలు ఉంటవి, బరువు వాటి మీద నిలవాలి. వాటి మధ్య దూరము మనిషి మనిషికీ వేరు, సాధారణముగా ఆడవారికి ఎక్కువ. కాబట్టి ఆడవారికి మగవాడి ఇరుకు సీటు పెట్టి, ఆపైన అలవాటు చేసుకోమనడము దయలేని మాట. మెట్టు మీద గరుకు అట్టముక్క వేసి దాని మీద ముందుకు వంగి కూర్చుంటే రెండు గుంటలు పడతవి. ఆ గుంటల మధ్యల దూరము కొలిచి, రమారమి రెండు సెంటీమీటర్లు కలిపితే సీటు వెడల్పు తెలుస్తుంది. ధర తరువాతి మాట. సీటు ఎత్తు కూడా చూసుకోవాలి. మడమ పెడలు మీద పెట్టి కిందికి తొక్కితే కాలు నిటారుగా రావాలి. మన ఊళ్ళో సగము సైకిళ్ళ సీట్లు కిందికి ఉంటవి, మోకాళ్ళ నొప్పి అని సైకిలును నిందిస్తారు.

లోపల మెత్త కుట్టిన లాగు ఒకటి కొనండి. పదిహేను వందలది చాలు, పదిహేను వేలది అక్కరలేదు. చూసి ఎవరయినా నవ్వితే పండరిపురము దాకా తీసుకుపోండి, తిరుగు ప్రయాణములో నవ్వరు.

టైర్ల దగ్గర మాత్రము పిసినారితనము పనికిరాదు. నాసి బరువు టైరు తీసి మేలిరకము టైరు వేస్తే పాతిక కిలోమీటర్ల వేగములో ఇరవై వాట్ల దాకా మిగులుతుంది. ఆ వేగానికి మొత్తము కావలసినదే వంద వాట్లు! లక్ష రూపాయల చక్రాలు ఇవ్వలేనిది, నాలుగైదు వేల టైర్ల జత ఇస్తుంది. అయితే మేలిరకము అంటే పందెపు పలుచటి టైరు అని అర్థము చేసుకోకండి. మన బాటల పక్కన తుమ్మ చెట్లు ఉన్నవి. తుమ్మముల్లుకు టైరు ఖరీదు తెలియదు. 28 లేక 32 మిల్లీమీటర్ల వెడల్పు గలది, నడుమ ముల్లును అడ్డే పొర ఉన్నది తీసుకోండి. గాలి రాయిలాగ కొట్టించడము ఇంకొక దురలవాటు. గరుకు బాట మీద అటువంటి టైరు ఎగిరెగిరి పడుతుంది, ఒళ్ళు హూనమవుతుంది, వేగమూ తగ్గుతుంది. మనిషి బరువును బట్టి, టైరు వెడల్పును బట్టి గాలి ఉండాలి. అందుకు ముల్లు చూపే గాలి పంపు ఒకటి ఇంట్లో ఉంటే ఇరుగుపొరుగుకు కూడా ఉపయోగము.

తలకు టోపీ లేనిదే మా జట్టులోకి రానివ్వము. కాని దానికి కూడా వేలు పోయనక్కరలేదు. అమెరికాలో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయమువారు 2018 నుండి సైకిలు టోపీలను పరీక్షించి నక్షత్రాలు వేసి ప్రకటిస్తున్నారు. చవక టోపీలు కొన్నిటికి కూడా అయిదు నక్షత్రాలు వచ్చినవి. ఎక్కువ ధరకు వచ్చేది ముఖ్యముగా తేలికదనము, తలకు గాలి ఆడడము. షోలాపూరు ఎండలో గాలి ఆడడము చిన్న విషయము కాదు, అంతవరకు పెట్టవచ్చును. ముందు దీపము, వెనుక ఎర్ర దీపము తప్పవు. చెరకు ట్రాక్టర్ల వెనుక దీపాలు ఉండవని అందరికీ తెలుసు. మనకు కూడా లేకపోతే ఎవరిని ఎవరు చూడాలి?

గేర్ల విషయములో మేము నడిమి తరగతిని మెచ్చుతాము. జపాను షిమానో కంపెనీవారి గేర్లనే తీసుకుంటే క్లారిస్, సోరా, టియాగ్రా, నూటఅయిదు, అల్టెగ్రా, డ్యూరా ఏస్ అని మెట్లు ఉన్నవి. సోరా, టియాగ్రాల దాకా, మహా అయితే నూటఅయిదు దాకా, పెట్టిన డబ్బుకు చేతికి తెలిసే గుణము వస్తుంది. ఆపైన మనవంటివారికి వచ్చేది ముఖ్యముగా కొన్ని వందల గ్రాముల తేలిక, కొంత నునుపు. కరెంటు గేర్లు వేలితో తాకితే మారుతవి, ముచ్చటగానే ఉంటవి. బ్యాటరీ నింపుకోవడము మరచిపోతే ఆ ముచ్చట దారిలోనే తీరుతుంది. కార్బను ఫ్రేముకు బోల్టులు కొలత పానాతో ఇంత బిగువు అని బిగించాలి. మన వీధి మిస్త్రీ చేతి బిగువుకు అది చిట్లవచ్చు, చిట్లినది పైకి కనబడకపోవచ్చు. మిస్త్రీని తప్పు పట్టలేము, ఆయన జీవితమంతా ఇనుముతో మాట్లాడినాడు. కొనే ముందు ఆయనను అడగండి: "దీన్ని నువ్వు బాగు చేయగలవా?" ఆయన తల అడ్డముగా ఊపితే, ప్రతి చిన్న మరమ్మతుకూ పూనా ప్రయాణ ఖర్చు ధరలో కలుపుకోండి.

చెయిను మాట ఒక్కటి. నలభై లక్షల బండికయినా నాలుగు వేల బండికయినా చెయిను తుడిచి నూనె వేయాలి. అరిగిందో లేదో అడుగు బద్ద పెట్టి చూడవచ్చును. కొత్త చెయినులో పన్నెండు అంగుళాలకు సరిగా మేకు వస్తుంది. అంగుళములో పదహారోవంతు జరిగినదంటే చెయిను మార్చండి. అశ్రద్ధ చేస్తే వెనుక పళ్ళ చక్రాలను కూడా తింటుంది, అప్పుడు ఖర్చు మూడింతలు.

దూరము పోయేవారికి ఖరీదు సామాను తప్పదని కొందరు అంటారు. ఫ్రాన్సువారు పెట్టిన దూరపు సవారీ పద్ధతి మన దేశములోను ఉన్నది. రెండువందల కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, ఆరువందలకు నలభై గంటలు గడువు. పారిస్, బ్రెస్ట్, తిరిగి పారిస్ అనే 1200 కిలోమీటర్ల సవారీకి పెద్ద గడువు తొంభై గంటలు. లెక్క వేయండి, గంటకు పదిహేను కిలోమీటర్లయినా పడదు. అక్కడ ఓడిపోయేవారు నిద్ర చాలకనో, కడుపు చెడిపోయో, పుండ్లు పడో ఓడిపోతారు గాని, బండి కిలో ఎక్కువయి కాదు.

ఇంత చెప్పినా, ఖరీదయిన బండి కొన్నవాళ్ళను మేము ఎగతాళి చేయము. మా జట్టులో ఒకాయన ఏభయ్యో ఏట మూడు లక్షలు పెట్టి కొన్నాడు. అందము చూసి కొన్నాడు, దాచుకోలేదు. ఆ అందము ఆయనను రోజూ అయిదు గంటలకు నిద్ర లేపుతున్నది. ఏడాదికి అయిదువేల కిలోమీటర్లు తొక్కుతాడు. పదేళ్ళు ఇట్లా తొక్కితే కిలోమీటరుకు ఆరు రూపాయలు పడుతుంది. వేరొకరి పాతికవేల బండి రెండువందల కిలోమీటర్లు తిరిగి గోడకు చేరినది; దాని మీద ఇప్పుడు తువ్వాళ్ళు ఆరవేస్తున్నారు. తువ్వాళ్ళు షోలాపూరువే, మంచివే. కాని కిలోమీటరుకు నూట ఇరవై అయిదు రూపాయలు పడినట్టు. ఉన్నవాడు, తొక్కేవాడు, అప్పు చేయనివాడు కొనుక్కుంటే మాకు అభ్యంతరము లేదు. పిల్ల ఫీజు వాయిదా వేసి కంతులు కట్టేవాడితోనే మా వాదము.

మేము ఈ ప్రసంగము ఒప్పుకోవడానికి అసలు కారణము వేరే ఉన్నది. పోయిన చలికాలము ఒక కుర్రవాడు మా జట్టులోకి వచ్చినాడు. పదహారేళ్ళు ఉంటవి. తండ్రి రెండు మగ్గాలు నడుపుతాడు, తల్లి బీడీలు చేస్తుంది. వాళ్ళ నాయన పాత సైకిలు తుడుచుకుని, కొత్త బ్రేకు కట్టెలు వేయించుకుని వచ్చినాడు. జొన్న చేల నడుమ అక్కలకోట బాటలో మాలో సగముమంది కంటె ముందు పోయినాడు. మూడు ఆదివారాలు వచ్చి నాలుగో ఆదివారము రాలేదు. పరీక్షలన్నాడు. తరువాత తెలిసినది, ఒకరెవరో అతని బండి చూసి, "దీంతో తుళజాపూరు ఎక్కుతావా?" అని నవ్వినారట. నవ్వినాయన చెడ్డవాడు కాదు, కొత్త సామాను కొన్న సంబరములో అన్నాడు. కాని పిల్లవాడు ఇంటికి పోయి, తనకు కూడా అటువంటి బండి కావాలని అడగలేదు. అడగకుండా మానేసినాడు. అడిగితే నాయన ఏమి చేయగలడో, ఏమి చేయలేడో వాడికి తెలుసు.

సొంత ఊరు వదలి వచ్చిన మనవారిని ఈ ఊళ్ళో నిలబెట్టినది ఒకరినొకరు విడవకపోవడమే. ఉగాదికి, మార్కండేయ రథోత్సవానికి కలిసే మనము ఆదివారము పొద్దున బండ్ల ధరను బట్టి విడిపోతే, ఆ సవారీ ఎందుకు?

అందుచేత మా జట్టు కొన్ని ఏర్పాట్లు చేసినది. సంఘ భవనము వెనుక గదిలో ఒక పెద్ద గాలి పంపు, కొలత పానా, చెయిను పనిముట్లు పెట్టినాము, ఎవరయినా వాడుకోవచ్చును. రెండు పాత సైకిళ్ళు బాగు చేయించి ఉంచినాము, లేనివారు ఆదివారము తీసుకుపోవచ్చును. మీ ఇండ్లలో మూలపడిన సీట్లు, టైర్లు, దీపాలు ఉంటే ఇవ్వండి. సీటు కొనే ముందు నాలుగు రకాలు బిగించి, నాలుగు ఆదివారాలు తొక్కి చూసే వీలు కలుగుతుంది. ఏ దుకాణమూ ఈ సదుపాయము ఇవ్వదు.

ఆ కుర్రవాడి ఇంటికి మాలో ఇద్దరు పోయి వచ్చినారు. వాడి బండికి మేలిరకము టైర్ల జత వేయించడానికి వాళ్ళ నాయన ఒప్పుకున్నాడు, సగము డబ్బు తానే ఇస్తానన్న షరతు మీద. వచ్చే ఆదివారము తుళజాపూరు. అయిదు గంటలకు భవనము ముందు కలుస్తాము. ఆడవారు రాదలచుకుంటే ఒక గంట ముందుగా చెప్పనక్కరలేదు, నేరుగా రండి. సీటు కొలిచే అట్టముక్కలు మా వద్ద ఉన్నవి, కొలవడానికి అక్కయ్యలు కూడా ఉన్నారు.

సెలవు. కవిగారు ఎదురు చూస్తున్నారు.